అమ్మబడును

గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు వ్యావహారిక భాష కొరకు జీవితమంతయు ధారవోసి జరిపిన ఉద్యమము ఫలించి, గ్రాంథికము బడినుండియు, పత్రికనుండియు, తుదకు పండితులు ఇంటికి వ్రాసికొను ఉత్తరములనుండియు సెలవు తీసికొన్న పిమ్మట, దానికి ఈ తెలుగుదేశమున మిగిలిన ఆశ్రయమేది యని ఎవరైన నన్నడిగినచో, ఇంటి గేటుకు ఇనుపతీగతో బిగించిన రేకు బోర్డు అని సంకోచింపక చెప్పుదును. "ఇల్లు అమ్మబడును." "పోర్షను అద్దెకు ఇవ్వబడును." "కుట్టుపని నేర్పబడును." మాదాపూరులో దినమునకు పది గంటలు కంప్యూటరు ముందు కూర్చుండి, తల్లిదండ్రులతో సైతము సగము ఇంగ్లీషున మాటలాడు యువకుడు, ఎన్నడును తన నోట పలుకని, ఇకముందు పలుకబోని ఆ 'బడు' ధాతువును, ఇల్లు అమ్మవలసివచ్చిన దినమున మాత్రము పెయింటరుచేత ఎర్రని అక్షరములలో శ్రద్ధగా వ్రాయించును. దీనిని వట్టి అలవాటని తోసివేయుటకు వీలులేదు. 'నేను ఇల్లు అమ్ముచున్నాను' అన్న వాక్యమున కర్త యున్నాడు. ఆ కర్తకు ముఖమున్నది. ఆ ముఖమును చూచి 'పాపం, ఏం కష్టం వచ్చిందో' అనువారు వీధినిండ నున్నారు. 'అమ్మబడును' అన్నచో కర్త మాయమై, వర్షము కురిసినట్లు, ఆకు రాలినట్లు, ఇల్లు తనంతట తానే కాలవశమున అమ్ముడుపోవుచున్నదన్న భావము కలుగును. కర్మణిప్రయోగము తెలుగునకు సహజము కాదని వ్యాకరణవేత్తలు చెప్పుచుందురు గాని, కుటుంబ గౌరవమునకు తెరపట్టుటలో అంతకన్న సహజమైన ప్రయోగము మరియొకటి నాకు కానరాదు.

ఇల్లు అమ్మదలచినవాడు వాకిట బోర్డు పెట్టవలయునా, పెట్టకుండుట మేలా అను ప్రశ్న చూచుటకు రేకుముక్కపాటి ప్రశ్నయే. దానికగు ఖర్చు ఇద్దరు స్నేహితులు హోటలులో బిరియానీ తినుటకగు ఖర్చును మించదు. అయినను ఈ సైబరాబాదు ప్రాంతమున ఇల్లు అమ్ముకొన్న కుటుంబములను విచారించి చూడుడు: ధర ఎంత చెప్పవలెనను చర్చ ఒక సాయంకాలములో ముగిసినదనియు, బోర్డు సంగతి మాత్రము రెండు నెలలు తేలలేదనియు చెప్పుదురు. భర్త కట్టుదమనును. భార్య "నలుగురూ ఏమనుకుంటారండీ" అనును. డాలసులోనున్న కుమారుడు ఫోనులో "ఈ రోజుల్లో గేటు మీద బోర్డు ఎవరు చూస్తారు నాన్నా, నేను నెట్‌లో పెడతాగా" అనును. ముగ్గురి మాటలోను కొంత కొంత నిజమున్నది. అందు అందరును తేలికగా కొట్టివేయునది ఆ ఇల్లాలి మాట గనుక, ముందుగా దానినే పట్టుకొందును.

'నలుగురు' అను భయము పుట్టుటకు చారిత్రకమైన కారణమున్నది. మన దేశమున ఇంటి గోడపై అమ్మకపు మాట వ్రాసినవాడు పూర్వమునుండియు ఇంటి యజమాని కాడు. వ్రాసినది పరాయి చేయి. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడులో, అప్పుకు జప్తుచేసిన స్థిరాస్తి విషయమై న్యాయస్థానపు ఉత్తర్వును ఆ ఆస్తి యొద్దనో, దాని చేరువనో తప్పెట మ్రోగించి గాని, ఆ చోటి ఆచారము ననుసరించి మరియొక రీతిని గాని చాటవలెననియు, ఉత్తర్వు ప్రతిని ఆస్తిపై ఎల్లరకు కనబడు చోట అంటించి, పిదప కోర్టు భవనమునందును అంటించవలెననియు ఇరువదియొకటవ ఆర్డరులోని 54వ నిబంధన విధించినది. కోర్టు అమీనా వచ్చుట, వెనుక తప్పెటవాడు వచ్చుట, పిల్లలు గుమిగూడుట, ఇంటిలోని ఆడువారు తలుపు వేసికొనుట — మా తాతల తరమువారు ఈ దృశ్యమును చూచినవారే. నేటి కాలమున తప్పెట లేదు. కాని 2002 నాటి సర్ఫేసీ చట్టము క్రింద ఏర్పడిన నియమములను బట్టి, అప్పు తీర్చని ఇంటిని స్వాధీనము చేసికొను బ్యాంకు ఆ ప్రకటనను వెలుపలి తలుపుమీద గాని, ఇంటి యందు ప్రస్ఫుటమైన చోట గాని అంటించి, రెండు ప్రముఖ దినపత్రికలలో, అందొకటి స్థానిక భాషా పత్రికయై యుండునట్లు, ప్రచురింపవలెను. కాఫీ త్రాగుచు ఆ పేజీని చదువువారు కొందరున్నారు. వారు వార్తలకన్న అందులోని ఫ్లాట్ల నంబర్లను శ్రద్ధగా చూతురు. ఇట్లు ఇంటిపై కాగితమనగా అప్పు, బోర్డనగా వేలము అను స్మృతి మన రక్తములో ఇంకియున్నప్పుడు, 'ఉద్యోగం పోయిందట', 'ఈఎంఐ కట్టలేకపోతున్నారట' అని వీధి అనుకొనునేమో యని ఇల్లాలు జంకుటను మూఢత్వమనుట న్యాయము కాదు. ఇంటిగుట్టు లంకకు చేటన్న సామెత ఆమె పుట్టించినది కాదు గదా.

బోర్డు కొనువానితోపాటు, కొనని ఇరుగుపొరుగుతోను మాటలాడునన్న సంగతి మనకొక్కరికే కాదు, ప్రపంచమునకంతకును తెలిసినదే. మన తెలుగువారు వేలసంఖ్యలో కాపురముండు న్యూజెర్సీ రాష్ట్రమున విల్లింగ్‌బరో అను చిన్న పట్టణము కలదు. మొదట తెల్లవారికే ఇండ్లమ్మిన ఆ ఊరికి నల్లజాతి కుటుంబములు క్రమముగా రాగా, 1970 దశకపు తొలినాళ్లలో తెల్లవారు భయపడి ఇండ్లమ్ముకొని పోవుచున్నారనియు, ఒక గేటుముందరి బోర్డు చూచి ప్రక్కవాడు, వానిని చూచి ఆ ప్రక్కవాడు బోర్డులు పాతుచున్నారనియు తలచి, పట్టణసభ 1974లో 'అమ్మకమునకు', 'అమ్ముడైనది' అను బోర్డులను నిషేధించినది. దానిపై ఒక స్థిరాస్తి సంస్థ వ్యాజ్యము వేసినది. 1977లో అమెరికా సుప్రీంకోర్టు, ఒక్క న్యాయమూర్తియు విభేదింపకుండ, ఆ నిషేధము వాక్స్వాతంత్ర్యమునకు విరుద్ధమని కొట్టివేసినది. తీర్పు వ్రాసినవారు ఆ న్యాయస్థానమున తొలి నల్లజాతి న్యాయమూర్తియైన థర్గుడ్ మార్షల్. ఎవరి మేలుకొరకు ఆ నిషేధము పుట్టినదని ఊరు చెప్పుకొన్నదో ఆ జాతివాడే, నిజమును దాచి మనుష్యులకు మేలు చేయజాలరని వ్రాయుట నాకు మరపురాని సంగతి.

మా ప్రాంతమున జాతిభయము లేదు, చెరువుభయమున్నది. 2024 జూలైలో హైడ్రా అను ప్రభుత్వ సంస్థ ఏర్పడి, చెరువుల పూర్తి నీటిమట్టపు హద్దులోను, బఫరు మేరలోను ఉన్న కట్టడములను కూల్చుట మొదలిడిన తరువాత, ఒకే వీధిలో రెండు బోర్డులు కనబడినచో మూడవ ఇంటివాడు నిద్రపోడు. "ఏమిటండీ సంగతి, మన లైను బఫర్‌లో పడిందా? రోడ్డు వెడల్పు చేస్తున్నారా?" అని అడుగుచు తిరుగును. అమ్ముచున్నవారిలో ఒకరు బెంగుళూరునకు బదిలీ యగుటచేతను, మరియొకరు కూతురి పెండ్లికిని అమ్ముచున్నారని తెలియువరకు ఆతడు తన ఇంటి సర్వే నంబరును తిరిగి తిరిగి చూచుకొనుచుండును. కావున మీ వీధిలో ఇదివరకే ఒక బోర్డు ఉన్నచో, అది దిగువరకు ఆగుటయో, అమ్ముటకు కారణమును ముందుగానే ఇరుగుపొరుగుకు చెప్పుటయో మంచిది. వదంతి ధరను తగ్గించినట్లు మరే బేరగాడును తగ్గింపలేడు.

ఇక కుమారుని మాట. బోర్డు ఎవరు చూతురు?

1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించునాటికి, మాదాపూరు చుట్టుప్రక్కల గుండ్లును, సీతాఫలపు పొదలును, వాని నడుమ ఊళ్లును ఉండెను. ఇప్పుడు అదే భూమిపై ఒకదానినానుకొని ఒకటి రెండు లోకములున్నవి. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేటల ఆకాశహర్మ్యములు ఒక లోకము. కొండాపూరు, మియాపూరు, చందానగరుల సందులలో, గోడ గోడ కలిపి, తులసికోటయు, నీళ్ల సంపును, మెట్లక్రింద స్కూటరును గల విడి ఇండ్లు మరియొక లోకము. మొదటి లోకమునందు బోర్డు ప్రశ్నయే పుట్టదు. ముప్పదవ అంతస్తు బాల్కనీకి రేకు కట్టినచో గద్దలు తప్ప చదువువారుండరు. ఉన్నను అసోసియేషనువారు మరునాడే విప్పింతురు. అచ్చట అమ్మకమంతయు వాట్సాప్ గ్రూపులలోను, మైగేటు నోటీసులలోను, క్లబ్‌హౌసు గోడపై అతికించు చీటీలలోను, అన్నింటికన్న ఎక్కువగా సెక్యూరిటీ గదిలోను జరుగును. ఏ టవరులో ఎవరు ఖాళీ చేయనున్నారో, ఎవరి అల్లుడు కెనడానుండి రాక ఫ్లాటు తాళము వేసియున్నదో గేటువద్ద కుర్చీలో కూర్చున్నవానికి తెలిసినంత ఏ వెబ్‌సైటుకును తెలియదు. ఆ తెలివికి ఖుషీ ముట్టును.

రెండవ లోకమున బోర్డు ఇంకను బ్రతికియున్నది. దానిని చదువువారెవరో తెలిసికొనవలెనన్నచో ఉదయము ఆరున్నరకు ఆ సందులలో నడచి చూడవలెను. ఇల్లు కొనగలిగిన ఇంజనీరు ఆ సమయమున నిద్రలోనుండును, లేనిచో అమెరికావారితో ఫోనుకాలులోనుండును. సందులో నడచునది ఆతని తల్లి. మనుమరాలిని చూచుకొనుటకై ఖమ్మమునుండియో, తెనాలినుండియో, జగిత్యాలనుండియో వచ్చి, పదునాల్గవ అంతస్తున ఊపిరాడక, పిల్లను చిన్న బండిలో కూర్చుండబెట్టి నేలపై నడచుటకు దిగు ఆ పెద్దావిడలును, నెత్తిన మంకీ టోపీలు పెట్టుకొన్న పెద్దాయనలును సైబరాబాదు బోర్డులకు అసలైన పాఠకులు. వారు ప్రతి గేటును చూతురు. ఏ వాకిట ముగ్గున్నదో, ఏ ఇంట బోరు వేసినప్పుడు నీరు వీధిలోనికి వచ్చునో, ఏ ఇంటికి వీధిపోటు కలదో వారికి తెలియును. బోర్డు కనబడగానే కుమారుడు నేర్పినట్లు ఫోటో తీసి ఫోనులో పంపుదురు. వెబ్‌సైటు చూచువాడు వేయి ఇండ్లలో ఒక ఇంటిని చూచును. బోర్డు చూచునది ఆ వీధిని ముందే మెచ్చుకొన్న మనిషి. దాని పరిధి చిన్నది, కాని పదునైనది. ఇందులో ప్రక్క ఇంటివాడును ఉన్నాడు. పొరుగువాడు ముందుగా కొనుటకు హక్కుదారుడను షుఫా ధర్మము ముస్లిం న్యాయమున కలదు; కేవలము పొరుగుతనముపై ఆధారపడు అట్టి హక్కు రాజ్యాంగమునకు సరిపడదని సుప్రీంకోర్టు 1962లో తీర్పు చెప్పినది. హక్కు పోయినను ఆశ పోలేదు. పెరిగిన పిల్లలకు గోడ అవతల ఇల్లు దొరకినచో బాగుండునని తలపోయని గృహస్థు ఉండడు. తన ప్రక్క ఇల్లు అమ్ముడైన సంగతి రిజిస్ట్రేషను జరిగిన తరువాత తెలిసి నొచ్చుకొన్నవారిని నేనెరుగుదును.

మా వీధిలోని ఒక పెద్దాయన కథ చెప్పెదను. బి.హెచ్.ఇ.ఎల్.లో పనిచేసి విశ్రమించినవాడు. 1994లో, ఆ చోట సాయంకాలమైనచో నక్కలు కూయు దినములలో, రెండువందల గజములు కొని, ఇల్లు కట్టి చూచి, 'ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు' అన్న సామెతలోని రెండవ సగమును రెండుమార్లు జరిపించినాడు. మోకాళ్లు మెట్లకు ఒప్పకుండుటచే ఇల్లమ్మి లిఫ్టుగల ఫ్లాటులోనికి పోదలచినాడు. శుక్రవారము వద్దని ఇల్లాలు పట్టుబట్టగా గురువారము ఉదయమున, రెండడుగుల రేకును, బోగన్‌విలియా కొమ్మలను ప్రక్కకు తప్పించి, గేటు ఊచలకు కట్టినాడు. ఆ రేకు వెనుకవైపున 'పోర్షను అద్దెకు' అన్న పాత అక్షరములు ఇంకను ఉండెను. ఖర్చెందుకని రెండవ వైపును వాడుకొన్నాడు.

గంట గడువకముందే మొదటి ఫోను వచ్చినది.

"సార్, బోర్డు చూశాను. ఎక్స్‌పెక్టేషన్ ఎంత సార్?"

"మీరు కొంటారా బాబూ?"

"నేను కాదు సార్. మన దగ్గర జెన్యూన్ పార్టీ ఉంది. మీరు ఊఁ అంటే రేపే సిట్టింగ్ వేద్దాం."

పాలలెక్క వ్రాయు పుస్తకము చివరి పుటలో ఆయన ఆనాటి ఫోనులను వ్రాసికొన్నాడు. పందొమ్మిది. అందు పదునారు మధ్యవర్తులవి. ఒకటి అద్దెకు అనుకొన్నవానిది. ఒకటి సున్నము వేయింతురా యని అడిగిన పెయింటరుది. ఒక్కటి మాత్రము నిజముగా ఇల్లు కావలసినవారిది. బోర్డుక్రింద 'బ్రోకర్లు ఫోన్ చేయరాదు' అని స్పష్టముగా వ్రాయించియుండెను. ఆ వాక్యమును మధ్యవర్తులు 'యజమానికి ఇంకను మధ్యవర్తి దొరకలేదు' అని చదువుకొందురని నాకు అప్పుడే తెలిసినది.

అసలు విశేషము మూడవ నాడు జరిగినది. పడమటి ఇంటివారి కుమారుడు, ఇరువదియేండ్లుగా సంక్రాంతికి అరిసెలు తెచ్చి యిచ్చినవాడు, గేటువద్ద నిలువబడి, "అంకుల్, అమ్ముతున్నారని చూశాను. మంచిదే. కానీ మధ్యగోడ సంగతి ఒకసారి మాట్లాడుకుందామా? అది మా వైపుకి తొమ్మిదంగుళాలు వచ్చిందని నాన్న ఎప్పుడూ అంటుండేవారు" అన్నాడు. పెద్దాయన ముఖము వివర్ణమైనది. బోర్డు కట్టినందుకే ఈ తగవు వచ్చినదని ఇంటిలో ఒక రాత్రి గడచినది. మరునాడు సర్వేయరు టేపు పట్టి కొలిచి చూడగా తొమ్మిదంగుళములు కాదు గాని ఆరంగుళములు నిజమే. ఇద్దరును కూర్చుండి, పత్రములలోని హద్దు ఏదో ఒప్పుకొని, కాగితము వ్రాసికొని, చెరిసగము ఖర్చుపెట్టి గోడను జరిపించినారు.

నేను ఈ వ్యాసమున చెప్పదలచిన మాట ఇంతయు ఇక్కడనే యున్నది. బోర్డు ముందుగా కొనువానిని పిలువదు, అభ్యంతరము చెప్పువానిని పిలుచును. దాని మేలు అదియే. అగ్రిమెంటునకు ముందు వచ్చిన ఆరంగుళముల తగవు ఒక టేపుతో తీరును. బయానా పుచ్చుకొని, ఆ డబ్బు ఫ్లాటు బిల్డరుకు కట్టి, కొనువాని బ్యాంకు అప్పు మంజూరైన పిమ్మట వచ్చిన ఆరంగుళముల తగవు కోర్టులో పదియేండ్లు తినును. కొనువాని పక్షమున న్యాయవాది ఎట్లును పత్రికలో 'సర్వజనులకు తెలియజేయునదేమనగా' అని మొదలిడి, ఇన్ని దినములలో అభ్యంతరములు తెలుపవలెనని ప్రకటన ఇచ్చును. పత్రిక చదువని పొరుగువాడు, పట్నము రాని ఆడబిడ్డ, వాటా గుర్తుకు వచ్చిన అన్న కొడుకు ఆ ప్రకటనను చూడకపోవచ్చును. గేటుమీది రేకు మాత్రము ఏదో విధముగా వారి చెవికి చేరును. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము సైతము ఈ లోకజ్ఞానమును ఎరిగినదే: ఆస్తిని కొనువానికి, అందు వాస్తవముగా కాపురమున్నవానికి గల హక్కును గూర్చి తెలిసియున్నట్లే భావింపవలెనని దాని వివరణ చెప్పును. కాపురముండుటయే ఒక బోర్డని దాని భావము. అట్టిచో, తన ఇల్లు రహస్యముగా అమ్ముదమనుకొనువానిని చూచినప్పుడు నాకు ముందుగా కలుగు సందేహము, ఎవరికి తెలియకూడదని ఈతని కోరిక, అని.

దీనికి ప్రతిపక్షమైన బోర్డు ఒకటి ఈ నగరమున విరివిగా కలదు. గోపనపల్లి, నల్లగండ్ల, తెల్లాపూరు వైపు పోయినచో ఖాళీ స్థలములన్నింటను రేకు ప్రహరీయు, దానిమీద 'ఈ స్థలము ఫలానావారికి చెందినది, అమ్మకమునకు లేదు, అతిక్రమించువారు శిక్షార్హులు' అన్న అక్షరములును, సర్వే నంబరును, హైకోర్టు వకీలు పేరును కనబడును. అవి చూచి నవ్వుకొనుచు పోయెడి ఒక విదేశీయునకు 'అమ్మనిదానికి బోర్డెందుకు' అన్న సందేహము కలుగవచ్చును గాని, నైజీరియావానికి కలుగదు. లాగోస్ నగరమున ఇండ్ల గోడలపై 'ఈ ఇల్లు అమ్మకమునకు లేదు, మోసగాండ్రతో జాగ్రత్త' అని రంగుతో వ్రాయుట ఏనాటినుండియో ఉన్నది. యజమాని ఊరికి పోయినప్పుడు పరాయివాడు తానే యజమానినని చెప్పి ఇంటిని అమ్ముట అచ్చట అంతటి ప్రసిద్ధము. మా వైపున యజమాని ఊరికి పోడు, కాలిఫోర్నియాకు పోవును. దొంగ ఆధారు కార్డును, దొంగ జీపీయేను పట్టుకొని అతని పేరిట మరియొకడు రిజిస్ట్రారు ముందు నిలువబడును. కావున తాళము వేసిన ఇంటికి, యజమాని దేశమున లేని ఇంటికి, అమ్మకపు బోర్డు కట్టరాదని నా దృఢమైన అభిప్రాయము. అది 'ఇంట ఎవరును లేరు' అని ఊరికంతకు చాటు తప్పెట. అట్టివారు అమ్ముటకు వచ్చినప్పుడు వచ్చి, ఇంట దిగి, దీపము పెట్టి, అప్పుడు కట్టుకొనవచ్చును.

కట్టదలచినవారు రేకును చేయించుటకు ముందు పెట్టె తెరచి చూచుకొనవలెను. సేల్ డీడు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ఇంటి ప్లాను అనుమతి, మ్యుటేషను, ఆస్తిపన్ను రసీదులు — ఇవి చేతనుండగా బోర్డు వెలసినచో మొదటి వారములో వచ్చు మంచి బేరము నిలుచును. లేనిచో "కాగితాలు వచ్చాక చెప్పండి" అని పోయినవాడు మరల రాడు. అసలు పత్రములు బ్యాంకులో తాకట్టున్నచో ఆ మాట మొదటి సంభాషణలోనే చెప్పుట మేలు.

ధర బోర్డుమీద వ్రాయరాదు. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలములో ఎకరము రూ.100.75 కోట్లకు పోయినదని పత్రికలలో పడిన మరునాడు మా వీధిలో ప్రతి గృహస్థును ఎకరమునకు 4,840 గజములని భాగహారము చేసి, గజమునకు రెండు లక్షలపైన వచ్చినదని తేల్చుకొని, మీసము దువ్వుకొన్నాడు. ఆకాశమంతయు కట్టుకొనుటకు వీలగు ఆ లేఅవుటు ధరకును, ముప్పదియడుగుల సందులోని రెండువందల గజముల ధరకును బాదరాయణ సంబంధమైనను లేదు. ఆ మోజులో రేకుమీద వ్రాయబడిన అంకె ఆరు నెలలు ఎండలో నిలిచి, ఇంటికి మచ్చ తెచ్చును. 'ఇంతకాలం పోలేదంటే ఏదో ఉంది' అని అదే పెద్దావిడలు తీర్పు చెప్పుదురు. గజములు, ఏ ముఖము, ఫోను నంబరు — ఇంతే చాలును. ఆ నంబరు బ్యాంకు ఖాతాతో ముడిపడనిదై యుండుట ఉత్తమము. సైనికాధికారినని చెప్పి, ఇల్లు చూడకయే అడ్వాన్సు పంపెదనని, క్యూఆర్ కోడు పంపి స్కాను చేయుమను గొంతుక ఒకటి రాక తప్పదు. డబ్బు పుచ్చుకొనుటకు స్కాను చేయవలసిన పని ఎన్నడును లేదు. పొరబాటున చేసినవారు తక్షణమే 1930కి ఫోను చేయవలెను. బయానా విషయమునను ఒక మాట: స్థిరాస్తి అమ్మకమునకు నగదుగా ఇరువదివేల రూపాయలు గాని, అంతకు మించి గాని పుచ్చుకొనుటను 2015 నుండి ఆదాయపు పన్ను చట్టము నిషేధించినది. 'టోకెన్ కింద లక్ష క్యాష్ ఉంచుకోండి సార్' అన్నవానికి చెక్కు వ్రాయుమని చెప్పుటయే మర్యాద.

రేకు మీ గేటులోపలనే ఉండవలెను. కరెంటు స్తంభము, వీధి మలుపులోని చెట్టు, ఎదుటి పార్కు కంచె మీవి కావు. బహిరంగ స్థలములను ప్రకటనలతో వికృతము చేయుటను 1997 నాటి చట్టమొకటి నిషేధించినది, నగరపాలకులు అప్పుడప్పుడు దానిని జ్ఞాపకము చేసికొందురు. ఇంగ్లండులో ఇంటిముందరి అమ్మకపు బోర్డు అర చదరపు మీటరును మించరాదు. అమ్మకము ముగిసిన పదునాలుగు దినములలో తీసివేయవలెను. మన వద్ద తీసివేయువాడు లేడు. అమ్ముడైన ఇండ్లకు, అద్దెకు పోయిన పోర్షనులకు, పెండ్లియై వెళ్లిపోయిన ట్యూషను టీచరు వాకిళ్లకు సైతము ఏండ్లతరబడి 'బడును' వ్రేలాడుచుండును. బిల్డరుల బోర్డులకు మాత్రము వేరు ధర్మమున్నది: అయిదువందల చదరపు మీటర్లను గాని, ఎనిమిది ఫ్లాట్లను గాని మించిన ప్రాజెక్టునకు రెరా రిజిస్ట్రేషను లేక ప్రకటన చేయరాదు. ఆ నంబరు లేని ఫ్లెక్సీ క్రింద నిలువబడి ఫోను తీయకుడు.

మధ్యవర్తిని పూర్తిగా తిట్టుట నాకు సమ్మతము కాదు. పదునారు ఫోనులలో ఒకడు ఈసీ తెప్పించి, బ్యాంకువానిని కూర్చుండబెట్టి, రిజిస్ట్రేషను నాడు ఎండలో సాక్షులను వెదకి తెచ్చి తన నూటికి ఒకటినో రెండునో సంపాదించుకొనువాడుండును. కొనువానికి ఇంటి ధరపైన మరి నూటికి ఏడున్నర స్టాంపు, రిజిస్ట్రేషను ఖర్చులు 2021 జూలై నుండి పడుచున్నవి గనుక, ఇరువైపుల కమీషను తప్పించుకొనుటకు వాడు గేటుమీది నంబరునే వెదకుట సహజము. అందుచేతనే యజమాని నంబరుగల రేకు ఇంకను చావలేదు.

మా పెద్దాయన ఇల్లు నలుబది దినములకు అమ్ముడైనది. కొన్నది ఆ పిల్లబండి పెద్దావిడలలో ఒకరి కుమారుడు. ఆమె మొదటినాడే ఫోటో తీసి పంపినదట. రెండు వారములు రోజును ఆ గేటుముందు బండి ఆపి, లోపలి కరివేపాకు చెట్టును చూచి పోవుచుండెనట. కొనువాని న్యాయవాది మధ్యగోడను గూర్చి అడిగినప్పుడు కాగితము సిద్ధముగా నుండెను. రిజిస్ట్రేషను రోజున పెద్దాయన గేటునుండి రేకును విప్పబోగా, "ఉండనీయండి అన్నయ్యగారూ, పనికొస్తుంది" అన్నదామె.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. పాత స్లాబును పడగొట్టి, కరివేపాకు చెట్టును మాత్రము మిగిల్చి, క్రొత్త ఇంటికి స్తంభములు లేపుచున్నారు. మొన్న వాన కురిసినప్పుడు చూచితిని. సిమెంటు బస్తాలపై టార్పాలిను కప్పి, అది గాలికి ఎగురకుండ దానిమీద ఆ రేకును పరచి, రెండు ఇటుకలు పెట్టినారు. మొదటి మాటలు ఇటుక క్రింద పడిపోగా, ఎర్రని అక్షరములలో 'బడును' అన్నంతవరకే వానలో తడియుచున్నది.